అమ్మణ్ణికి, ఆదివారం టిఫిను గురించి

చిరంజీవి అమ్మణ్ణికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున టిఫిను నువ్వే చేస్తావంట, వంటింట్లోకి ఎవురూ రాకూడదని ముందే చెప్పేసినావంట. దోసె కాదు, పొంగలి కాదు, అవకాడో టోస్టు. పైన గుడ్డు, పచ్చి కూరగాయలు. కాన్పుకొచ్చిన అక్కకి, ఆమెను చూడ్డానికి వస్తా ఉండే మీ బావ వాళ్ళ అమ్మానాయనకి. వినంగానే నవ్వొచ్చింది. పాలు పొంగి పొయ్యి మీద పడతా ఉంటే ఫోన్ చూసుకుంటా నిలబడిన పిల్లవి గదా నువ్వు! సంతోషం గూడా వేసింది, లేదని చెప్పను. కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తా. ఫోన్లో చెబితే ‘ఊ ఊ’ అని పెట్టేస్తావు, అందుకే నిమ్మకాయల సంచిలో ఈ కాగితాలు పెట్టి పంపిస్తా ఉండా.

మొదట పండు. నువ్వు అవకాడో అంటావు, చిత్తూరులో నా జూస్ అంగట్లో దానిపేరు బటర్‌ఫ్రూట్. పాలు, చక్కెర వేసి మిక్సీలో తిప్పి గ్లాసులో పోసి ఇచ్చేవాణ్ణి. దాని మీద ఉప్పూ మిరియాలూ చల్లుకుని తింటారని అప్పట్లో ఎవురన్నా చెప్పింటే నమ్మేవాణ్ణి కాదు. బెంగుళూరులో మీ అత్త కొడుకు ఇంట్లో తిన్నా, బాగుంది.

ఆ పండు చెట్టు మీద మాగదు. కోసినాకనే మెత్తబడుతుంది. కొడగు నుంచి వచ్చినా, కొడైకెనాల్ కొండల నుంచి వచ్చినా పెట్టెలో ఉండేది గట్టి కాయే. శనివారం సాయంత్రం పోయి కొన్నావంటే ఆదివారం పొద్దునకి కత్తి గూడా దిగదు. ఈ సంచి అందిన రోజే, అంటే మంగళవారమే పోయి కొను. మన మామిడికాయల్ని వరిగడ్డిలో మాగేసినట్టు దీన్నీ మాగెయ్యొచ్చు. బియ్యం డబ్బాలో పూడ్చినా సరే, పేపర్లో చుట్టి పక్కన ఒక అరటిపండు పెట్టినా సరే. అరటిపండు నుంచి వచ్చే ఇథిలీన్ గాలికే ఇది తొందరగా మాగుతుంది. పచ్చికాయని ఫ్రిజ్జులో పెట్టినావా, చెడిపోతుందే గానీ మాగదు. శుక్రవారానికే మెత్తబడితే మాత్రం అప్పుడు ఫ్రిజ్జులోకి మార్చు, రెండు రోజులు ఆగుతుంది.

రంగు చూసి మోసపోవద్దు. హాస్ రకం మాగితే నల్లగా అవుతుంది, మన కొండల్లో పండే కొన్ని రకాలు మాగినా పచ్చగానే ఉంటాయి. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కు, కొంచెం లోపలికి పోతే చాలు. అన్నిచోట్లా నొక్కి చూడొద్దు, నొక్కినకాడల్లా లోపల నల్లమచ్చ పడుతుంది, అంగడాయన తిడితే నాకు చెప్పుకోవద్దు. కావాల్సిన దానికంటే రెండు ఎక్కువ కొను. పైకి బంగారం మాదిరి ఉండి లోపల నార నారగా, నల్లగా ఉండే పండు ఒకటన్నా ఉంటుంది.

కొయ్యకముందు తొక్కని బాగా కడుగు. తినేది తొక్క కాదు గదా అంటావు, కానీ తొక్క మీద ఉండేదాన్ని కత్తే లోపలికి తీసుకుపోతుంది. విత్తనాన్ని తియ్యడానికి పండు చేతిలో పట్టుకుని దాని మీద కత్తితో కొట్టడం వీడియోల్లో చూసుంటావు. ఆ పని చేసినావంటే ఆదివారం పొద్దున టిఫిను కాదు, అరచేతికి కుట్లు. స్పూనుతో తీస్తే వచ్చేస్తుంది. గుజ్జు మిక్సీలో వెయ్యొద్దు, ఫోర్కుతో పలుకులుగా మెదుపు, వెంటనే నిమ్మరసం పిండు. లేకపోతే గాలికి నల్లబడుతుంది. పెనం మీద మాత్రం పెట్టొద్దు, వేడి ఎక్కువైతే చేదొస్తుంది.

రొట్టె గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బేకరీలో సాల్ట్ బ్రెడ్ అని అడుగు, తీపి బ్రెడ్ దీనికి నప్పదు. లావుగా కోయించు. ఒకరోజు ముందుదైతే ఇంకా మంచిది. ఇనుప పెనం మీద సన్న మంటకి రెండు పక్కలా కాల్చి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టు, పేరిస్తే ఆవిరి పట్టి మెత్తబడిపోతాయి.

కూరగాయలు ఏం కావాలన్నా పెట్టుకో. మదనపల్లి టమోటాలు గట్టివి రెండు కిలోలు సంచిలోనే పెట్టినా, గింజలు తీసేసి తరుగు. కీరా, క్యారెట్టు, ఎర్రగడ్డ, కొత్తిమీర. అన్నీ పారే నీళ్ళ కింద రుద్ది కడిగి, గుడ్డతో తడి పోయేదాకా తుడువు. ఉప్పు కడాకి చల్లు. ముందే చల్లితే నీళ్ళు ఊరి రొట్టె నానిపోతుంది. మొలకలు గూడా వేస్తానన్నావంట. మీ అక్కకి పచ్చి మొలకలు వద్దు. ఆవిరి మీద బాగా ఉడికించి పెడితే తినొచ్చు.

ఇంక గుడ్డు.

దీని గురించి నీకు ఇంట్లో ఎవురూ చెప్పుండరు. మీ అక్క ఇంకా పుట్టలేదు అప్పటికి. తిరుపతిలో గంగజాతర, మే నెల. ఊరంతా వేషాలు, ఒకరోజు బైరాగి వేషం, ఇంకోరోజు బండ వేషం, తాతయ్యగుంట గుడి దోవలో కాలు పెట్టే సందు లేదు. మీ నాయనకి కొత్తగా పెండ్లయింది. జేబులో ఏమీ లేదు, తలలో మాత్రం రోజుకొక వ్యాపారం. ఉడికిన గుడ్డు చీల్చి, దాని మీద ఎర్రగడ్డ, టమోటా, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండి జాతరలో అమ్ముదామని తోపుడుబండి బాడుగకి తెచ్చినాడు. ఆలోచన బాగుండింది. దానికీ నీ టోస్టుకీ తేడా రొట్టె, పండే గదా.

తప్పు కొన్నకాడే మొదలైంది. చిట్లిన గుడ్లు సగం ధరకి వస్తాయంటే అట్టలకొద్దీ తెచ్చినాడు. పెంకు చిట్లిన గుడ్డులోకి బయట ఉండే పెంటంతా పోతుందని ఆయనకి తెలియక కాదు, లాభం లెక్కలో పడి మరిచిపోయినాడు. పొద్దున జనం వచ్చేటప్పటికి సిద్ధంగా ఉండాలని ముందురోజు సాయంత్రమే ఉడకబెట్టి, పెంకు తీసి, బిందెలో నీళ్ళు పోసి అందులో వేసినాడు. మే నెల రాత్రి తిరుపతిలో ఎట్లుంటుందో నీకు నేను చెప్పాల్నా? ఫ్రిజ్జు లేదు, ఐసు లేదు. మరీ పగిలిపోయిన గుడ్లని కూరగాయలు తరిగే పలక మీదే గిన్నెలోకి కొట్టుకున్నాడు. తర్వాత ఆ పలకనే తడిగుడ్డతో ఒకసారి తుడిచి, దాని మీదే ఎర్రగడ్డలు, టమోటాలు తరిగినాడు. గుడ్డు అంటే ఉడికింది, కూరగాయలు ఉడికేవి కాదు. పలక మీద అంటిందంతా వాటితోనే పోయింది.

మొదటి పళ్ళెం ఎవురికి పెట్టినాడో తెలుసునా? మీ అమ్మకి. ఆరో నెల. ఏం తిన్నా వెళ్ళగక్కేస్తా ఉండింది పాపం. ‘పుల్లగా ఉంటుంది, తిను’ అని బండి పక్కన ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టి తినిపించినాడు. చాన్నాళ్ళ తర్వాత ఆమె ఇష్టంగా తినింది ఆ పొద్దే. నేనూ తిన్నా, పక్కింటి పిల్లలూ తిన్నారు. రాత్రికి మొదలైంది. వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మాకు రెండు మూడు రోజులకి తగ్గింది. మీ అమ్మని మాత్రం ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించినారు. డాక్టరమ్మ కడుపు మీద పరికరం పెట్టి బిడ్డ గుండె వింటా ఉంటే మీ నాయన తలుపు దగ్గరే నిలబడిపోయినాడు. రమ్మంటే తల అడ్డంగా ఊపినాడు. బిడ్డకి ఏం కాలేదని ఆమె చెప్పినాక గూడా లోపలికి రాలేదు. నేరుగా పోయి బిందెలో మిగిలినవన్నీ కాలవలో పారబోసి, బండి తిరిగిచ్చేసి, అప్పుడొచ్చినాడు.

ఆ బిడ్డే మీ అక్క. మీ నాయన గుడ్డు ముట్టకపోవడం భక్తి అని బంధువులంతా అనుకుంటారు, మనం గూడా అట్లే అనుకోనిస్తాం. ఆయన్ని అడగొద్దు. నేను చెప్పినానని తెలిస్తే నెల రోజులు నాతో మాట్లాడడు.

ఇప్పుడర్థమైంది గదా నిద్రెందుకు పట్టలేదో. కాబట్టి గుడ్డు విషయంలో మాత్రం నా మాట విను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి కొను, చిట్లింది ఉచితంగా ఇచ్చినా వద్దు. ఇంటికొచ్చినాక నీళ్ళలో వేసి చూడు. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతబడింది, తేలితే పారెయ్. కూరగాయలన్నీ తరిగి మూతపెట్టి పక్కకి జరిపినాకనే గుడ్డు జోలికి పో. దానికి వేరే గిన్నె, వేరే గరిటె. ముట్టుకున్న ప్రతిసారీ చేతికి సబ్బు.

పచ్చసొన కారతా ఉంటే ఫొటో బాగొస్తుందని అంటావు, నాకు తెలుసు. నీ పళ్ళెంలో నీ ఇష్టం, నేనేం అనను. అక్క పళ్ళెంలో పోయే గుడ్డు మాత్రం పెనం మీద కొట్టి, మూతపెట్టి, తిరగేసి, పచ్చసొన గట్టిపడేదాకా ఉంచు. ఉడకబెడితే మరిగే నీళ్ళలో పది పన్నెండు నిమిషాలు. అప్పటికప్పుడు చేసి అప్పటికప్పుడు పెట్టు. వండిన గుడ్డు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, ఈ ఎండల్లో గంటే. కోప్పడతా ఉండానని అనుకోవద్దు తల్లీ. అక్కకి ఏదో చేసి పెట్టాలని నీకు అనిపించింది చూడు, నాకదే చాలు. మీ నాయనకీ ఆరోజు అట్లే అనిపించింది, అందుకే భయం.

వచ్చేవాళ్ళని ముందే అడుగు. మధ్యాహ్నం కొండకి పోతారంట గదా, దర్శనానికి ముందు గుడ్డు పెడితే ‘మేము తినం’ అంటారు. వాళ్ళకీ మీ నాయనకీ గుడ్డు బదులు పన్నీరు, వేయించిన చెనిక్కాయలు పలుకులుగా దంచి చల్లు. మిగిలింది డబ్బాలో సర్ది దారికి ఇస్తానని మాత్రం బయల్దేరొద్దు. గుడ్డు కొండ మీదికి పోకూడదు, అలిపిరి దగ్గర సంచులన్నీ తనిఖీ చేస్తారు, వియ్యంకుల ముందర తల కొట్టేసినట్టవుతుంది. ఇంకొకటి, మీ బావ వాళ్ళ నాయన కిడ్నీ మందులు వాడతాడని విన్నా. ఈ పండులో పొటాషియం అరటిపండు కంటే ఎక్కువ. డాక్టరు తగ్గించమని చెప్పింటే ఆయన రొట్టె మీద పండు వద్దు, కూరగాయలు గూడా ఆయనకి ఏవి పడతాయో అడిగి పెట్టు.

ఫ్రిజ్జులో ఒక గిన్నె దోసెపిండి ఉంచుకో. నీ మీద నమ్మకం లేక కాదు, పండు మీద లేక.

ఫొటో పంపు. అక్క పళ్ళెంది, గుడ్డు మధ్యకి కోసి తీసింది. నీది అక్కర్లేదు.

మీ చిన్నాయన
చిత్తూరు