మైకు పట్టే ముందు నాలుగు మాటలు

చిన్నా,

మీ కాలేజీకి కమ్యూనిటీ రేడియో, అదే చుట్టుపక్కల ఊళ్ల కోసం లాభం చూసుకోకుండా నడిపే చిన్న రేడియో, లైసెన్స్ వచ్చిందనీ, దాన్ని నడిపే పని నీకే అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం రా. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా మొదలుపెట్టి, ప్రైవేటు ఎఫ్‌.ఎం.లో ఆపేసినదాన్ని కదా, కొన్ని సంగతులు నీకు ముందే చెప్పాలి.

ఏ పాటలు వెయ్యాలి అన్నది తర్వాత. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మైకు ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేల్చుకో. నేను చివర పనిచేసిన స్టేషన్ చేతులు మారాక పేరు మారింది, జింగిల్ మారింది, ప్లేలిస్ట్ హైదరాబాద్ నుంచి రావడం మొదలైంది, మాకు మిగిలింది పాటకీ పాటకీ మధ్య ఇరవై సెకన్లు. ఒక తుఫాను రోజు గాలికి స్టూడియో కిటికీ టపటపా కొట్టుకుంటోంది, బస్సులు తిరుగుతున్నాయా అని జనం ఫోన్ల మీద ఫోన్లు, స్పీకర్లో మాత్రం హైదరాబాద్ ట్రాఫిక్ మీద ముందే రికార్డు చేసిన కబుర్లు. మైకు నా ఎదురుగానే ఉంది, ఫేడర్, అంటే మైకు గొంతుని గాలిలోకి వదిలే మీట, ఎత్తే అనుమతి లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మీది కమ్యూనిటీ లైసెన్స్, ఇంకొకరికి బదిలీ చెయ్యడం కుదరదు. అంతమాత్రాన ధీమాగా ఉండకు. లైసెన్స్ అమ్మకపోయినా గంటలు అమ్ముడుపోతాయి. స్పాన్సర్ వస్తాడు, తయారుచేసిన కార్యక్రమాలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు, డబ్బు అవసరం కాబట్టి వేస్తారు. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలని నిబంధన ఉంది, దాన్ని గట్టిగా పట్టుకో. ఆ పొద్దుటి రెండు గంటలు ఎవరికీ ఇవ్వకూడదని, కార్యక్రమాలు చూసే మీ సలహా కమిటీ మినిట్స్‌లో రాయించు, నోటిమాట నమ్మకు. కేంద్ర ప్రభుత్వం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి, పేరుకి కాకుండా నిజంగా వచ్చి మాట్లాడేవాళ్లని పెట్టించు.

డబ్బు సంగతి. గంటకి 12 నిమిషాల ప్రకటనలు వేసుకోవచ్చు, ప్రభుత్వ ప్రకటనకి పది సెకన్లకి 74 రూపాయలు. లెక్కకి బాగానే ఉంటుంది కానీ ఆ 12 నిమిషాలూ నిండే ఊరు నేను చూడలేదు. కిరాణా కొట్లూ, ట్యూషన్ సెంటర్లూ, విత్తనాల షాపులూ, కాళ్లరిగేలా తిరగాలి.

సొంతంగా వార్తలు చదవకూడదు, నిజమే. కానీ కరెంటు కోత, నీళ్ల సరఫరా, వాతావరణం, పరీక్ష ఫలితాలు, ఉద్యోగాల కబుర్లు వార్తల కిందకి రావు. ఊరికి పొద్దున్నే కావలసింది అవే కదా. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు వెళ్తావు, ఆ పల్లెల పేర్లన్నీ గోడ మీద రాసి పెట్టుకో. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంగం రేడియో దళిత మహిళల చేతుల మీద నడిచింది. వాళ్లు మాట్లాడింది తమ పొలాల గురించి, తమ యాసలోనే. నువ్వూ ఎవరి యాసనీ దిద్దకు.

ఇంకొకటి, రికార్డింగులు. మా రోజుల్లో టేపుల కొరత అని పాతవి చెరిపేసి వాటి మీదే కొత్తవి రికార్డు చేసేవాళ్లం, ఎంతమంది పెద్దవాళ్ల పాటలు అలా పోయాయో. ప్రతి శనివారం రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ తీసి, ఒకటి స్టేషన్ బయట దాచు.

ఆదివారం ఫోన్ చెయ్యి. స్టూడియో గది కొలతలు తీసి ఉంచుకో, గొంతు గింగురుమనకుండా దుప్పట్లు ఏ గోడకి వేలాడదియ్యాలో చెబుతాను.

నీ పెద్దమ్మ