ఏఆర్-15కి .22 కిట్: ముందు వీసా చూసుకోండి, తర్వాత బ్యారెల్

డాలస్ నుంచి ఒక సోదరుడి ప్రశ్న. గ్రీన్ కార్డు వచ్చాక ఏఆర్-15 రైఫిల్ కొనుక్కున్నారు. వారాంతాల్లో తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్తున్నారు కానీ తూటాల ఖర్చు తట్టుకోలేకపోతున్నారు. ".22 అనే చిన్న, చవక తూటాలు పేల్చే కన్వర్షన్ కిట్ వేసుకోమని ఆఫీసులో అంటున్నారు. కిట్ మేలా, .22 కోసం వేరే రైఫిలే మేలా? హెచ్-1బీ మీద ఉన్న మా తమ్ముడికి కూడా దీంతో నేర్పించవచ్చా?" అని అడిగారు.

చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. ఇప్పుడున్న పరిస్థితిలో మీ తమ్ముడి చేతికి ఆ రైఫిల్ ఇవ్వకండి. రేంజిలో అయిదు నిమిషాలకు కూడా వద్దు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. మిమ్మల్ని చూడటానికి బీ-2 వీసా మీద వచ్చే అమ్మానాన్నలు కూడా అంతే. కొనడం ఒక్కటే నేరమని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో చేతిలోకి తీసుకోవడమే కలిగి ఉండటం. నాన్నగారికి సరదాగా రైఫిల్ అందించి ఫోటో తీసుకుంటే ఆయన ఒక నిబంధన దాటినట్టు. ఆయన ఏ వీసా మీద ఉన్నారో తెలిసి అందించినందుకు మీరు మరో నిబంధన దాటినట్టు. 2022లో చేసిన సవరణతో ఈ నేరాలకు గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళకు పెరిగింది. పైగా తుపాకీ నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా దేశం నుంచి పంపించివేయవచ్చు.

ఇది కాగితం మీద మాత్రమే ఉన్న చట్టం కాదు. యూఏఈ నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చిన హమీద్ రెహైఫ్ అనే విద్యార్థిని మార్కులు రాక విశ్వవిద్యాలయం తొలగించింది. దాంతో అతని విద్యార్థి హోదా పోయింది. ఆ తర్వాత ఒక రేంజికి వెళ్ళి తుపాకీ పేల్చాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తనకు దేశంలో ఉండే హోదా లేదన్న సంగతి నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు అతనికి అనుకూలంగా వచ్చినా, ఒక్క పూట రేంజికి వెళ్ళినందుకు ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చిందో చూడండి.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉంటే వలసేతర వీసా వారికి ఈ నిషేధం వర్తించదు. మీ తమ్ముడికి నిజంగా ఆసక్తి ఉంటే అదే సరైన దారి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటకు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. కోర్సులో తుపాకీ భద్రత చక్కగా నేర్పుతారు. వేటకు వెళ్ళే ఉద్దేశం లేకపోయినా చేయదగ్గ కోర్సు. అక్కడి మామూలు వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న పాత కాగితంతో రేంజికి వెళ్తే మినహాయింపు లేనట్టే. గ్రీన్ కార్డు దరఖాస్తు మధ్యలో ఉన్నవారు సొంతంగా నిర్ణయాలు చేయకుండా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగాలి.

ఇక్కడే కిట్‌తో ఒక చిక్కుంది. చట్టం దృష్టిలో ఏఆర్-15లో తుపాకీ అంటే సీరియల్ నంబరు ఉన్న కింది భాగం, అంటే లోయర్ రిసీవర్. కన్వర్షన్ కిట్ తుపాకీ కాదు, విడి భాగం. అందువల్ల డీలర్ దగ్గర నింపే 4473 ఫారం, నేర చరిత్ర తనిఖీ ఏవీ లేకుండానే పుస్తకం వచ్చినట్టు ఇంటికి వచ్చేస్తుంది. అంత సులువుగా వచ్చింది కాబట్టి అన్నీ సక్రమమే అనుకోవద్దు. కిట్‌లో వాడే .22 తూటా కూడా పూర్తి స్థాయి తూటాయే. "చిన్నది" అన్న తేడా ఫెడరల్ చట్టంలో లేదు.

ఇక కిట్ సంగతి. ఏఆర్-15 మామూలుగా పేల్చేది .223 లేదా 5.56 సెంటర్‌ఫైర్ తూటా. తూటా అడుగున మధ్యలో ఉండే ప్రైమర్‌ను పిన్ను కొడుతుంది. .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) రిమ్‌ఫైర్. పేలే మందు తూటా అంచు మడతలోనే ఉంటుంది, పిన్ను ఆ అంచును నొక్కుతుంది. 1887 నుంచి ఉన్న తూటా ఇది. రెండింటి గుండ్లూ దాదాపు ఒకే వ్యాసం, .223, .224 అంగుళాల దరిదాపుల్లో ఉంటాయి. కిట్ సాధ్యమైంది అందువల్లే. అమెరికా సైన్యం కూడా శిక్షణ ఖర్చు తగ్గించుకోవడానికి ఎం16 రైఫిళ్ళకు ఎం261 అనే ఇలాంటి కిట్ వాడింది.

మీ ముందున్న దారులు మూడు.

మొదటిది బోల్టు కిట్. సీఎంఎంజీ అనే కంపెనీ వారిది ఎక్కువగా కనిపిస్తుంది. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక, వెనక పిన్ను తోసి రైఫిల్ తెరుస్తారు. అసలు బోల్టు క్యారియర్ (తూటాను బ్యారెల్‌లోకి తోసి మూసే భాగం) బయటకు తీసి కిట్ లోపలికి తోస్తారు. కిట్ ముందు కొనకు 5.56 తూటా ఆకారంలో ఒక ఉక్కు తొడుగు ఉంటుంది. అది పాత ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే అరలో, కూర్చుని, తన లోపల .22 తూటాకు చోటిస్తుంది. కిట్‌కు సొంత స్ప్రింగు ఉంటుంది కనుక వెనక ఉన్న బఫర్ (బోల్టు తాకిడిని తట్టుకునే భాగం) కదలదు. తూటాలు నింపే మ్యాగజైన్ వేరేది వాడాలి. చాలా కిట్లలో చివరి తూటా పేలాక బోల్టు తెరుచుకుని నిలబడదు. ఖాళీ అయిందో లేదో చప్పుడు బట్టి కాకుండా తెరిచి చూసే తెలుసుకోవాలి. ఈ అలవాటు కుదిరే వరకు ప్రతిసారీ నోటితో అనుకుంటూ చేయండి.

దీని బలహీనత గురిలో ఉంది. .22 కోసం చేసిన బ్యారెల్‌లో మర (గుండును తిప్పే లోపలి గాడి) 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఏఆర్ బ్యారెళ్ళలో 7, 8 లేదా 9 అంగుళాలకే ఒక చుట్టు. మెత్తని సీసపు గుండును అంత వేగంగా తిప్పితే, కొంచెం వంకర ఉన్న బొంగరం ఊగిసలాడినట్టు, గుండులోని చిన్న లోపాలన్నీ బయటపడతాయి. పైగా గుండు ఆ తొడుగులోంచి దూకి మరను అందుకోవాలి. 25 గజాల దగ్గర నిలబడి సాధన చేయడానికి ఇది సరిపోతుంది. 50 గజాల దగ్గర తూటాలు రెండు మూడు అంగుళాల మేర చెదిరితే మీ చేతి తప్పేమోనని బాధపడకండి. గురి తగిలే చోటు కూడా మారుతుంది కనుక 5.56కి సరిచేసిన సైట్‌ను మళ్ళీ సరిచేయక తప్పదు.

రెండోది .22 కోసమే చేసిన పై భాగం, అంటే డెడికేటెడ్ అప్పర్. మీ లోయర్ మీదే కూర్చుంటుంది. బ్యారెల్‌లో మర 16 అంగుళాలది, బోల్టును వెనక్కి నెట్టే గ్యాస్ ట్యూబు ఉండదు. గురి బాగుంటుంది. సైట్ దాని మీదే శాశ్వతంగా ఉంచుకోవచ్చు. బోల్టు కిట్ కంటే ధర బాగా ఎక్కువ.

మూడోది వేరే రైఫిల్. 2009లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 15-22 చూడటానికి, పట్టుకోవడానికి ఏఆర్ లాగే ఉంటుంది. పైనా కిందా పాలిమర్ కనుక తేలిక. 1964 నుంచి ఉన్న రూగర్ 10/22 ఏఆర్ ఆకారంలో ఉండదు కానీ నేర్చుకునేవారికి అంతకంటే నమ్మకమైనది దొరకడం కష్టం. ఇవి తుపాకులే కనుక డీలర్, ఫారం, తనిఖీ అన్నీ ఉంటాయి.

ఇంకా ఏ తుపాకీ కొననివారు, భార్యకో పెద్ద పిల్లలకో నేర్పాలనుకునేవారు మూడో దారే పట్టాలని నా గట్టి అభిప్రాయం. ఒకే రైఫిల్‌లో రెండు రకాల తూటాలు మార్చి మార్చి వాడటం కొత్తవారికి తగదు. మీకు ఇప్పటికే ఏఆర్ ఉంది, దాని ట్రిగ్గర్, సేఫ్టీ చేతికి అలవాటు కావాలన్నదే మీ కోరిక. మీకైతే బోల్టు కిట్ సబబే. లెక్క చూడండి. .223 తూటాకు 45 సెంట్లు, .22కి 10 సెంట్లు అనుకుంటే తేడా 35 సెంట్లు. కిట్ 230 డాలర్లయితే సుమారు 650 తూటాలకు పెట్టుబడి తిరిగి వస్తుంది. నెలకు రెండు సార్లు వెళ్ళేవారికి అదేమంత కాలం కాదు. అయితే మీ బ్యారెల్ .223, 5.56 లేదా .223 వైల్డ్ అయి ఉండాలి. .300 బ్లాకౌట్ అనే లావు గుండు తూటాకు చేసిన బ్యారెల్‌లో ఈ కిట్ ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదివి మరీ కొనండి.

కిట్ వాడేటప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది బ్యారెల్‌లో ఇరుక్కున్న గుండుకు. చవక .22 డబ్బాల్లో అప్పుడప్పుడూ మందు తక్కువైన తూటా ఉంటుంది. "ఠప్" అని పేలవలసింది "టుప్" అని ఊరుకుంటుంది. గుండు బ్యారెల్ మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే ప్రమాదం. కిట్ తీసి 5.56 పేలిస్తే బ్యారెల్ పగిలి ముఖం మీదికి రావచ్చు. చప్పుడు తేడాగా ఉంటే వెంటనే ఆపండి. అసలు పేలకపోతే రైఫిల్‌ను లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. తర్వాత మ్యాగజైన్ తీసి, బోల్టు తీసి, బ్యారెల్‌లో వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. కిట్ నుంచి 5.56కి మారే ప్రతిసారీ, ఏ అనుమానమూ లేకపోయినా ఈ పరీక్ష చేయాలి.

మారే ముందు ఛాంబర్ కూడా శుభ్రం చేయాలి. ఆ ఉక్కు తొడుగు ముందు సీసం, మసి కలిసి ఉంగరంలా పేరుకుంటాయి. దాని మీద 5.56 పేలిస్తే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కిట్‌కు గ్యాస్ అవసరం లేకపోయినా మసి గ్యాస్ రంధ్రంలోకి పోతూనే ఉంటుంది. అందుకే చాలామంది బ్యారెల్ చూసుకుని, ఛాంబర్ శుభ్రం చేశాక చివర్లో కొన్ని 5.56 తూటాలు పేల్చి దాన్ని ఊదేస్తారు. అది మంచి పద్ధతి. వట్టి సీసపు గుండ్లు కాకుండా రాగి పూత ఉన్నవి కొంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. సీసీఐ కంపెనీ మినీ-మ్యాగ్ తూటా, 40 గ్రెయిన్ల గుండు, సెకనుకు 1,235 అడుగుల వేగం, కిట్లకు బాగా కుదురుతుంది. మెల్లగా వెళ్ళే తూటాలతో బోల్టు పూర్తిగా వెనక్కి రాక ఇరుక్కుంటుంది.

మీరు టెక్సస్‌లో ఉన్నారు కనుక రాష్ట్ర చట్టాల ఇబ్బంది తక్కువ. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే ఇదంతా మళ్ళీ మొదలుపెట్టాలి. కిట్‌తో వచ్చే మ్యాగజైన్ సాధారణంగా 25 తూటాలది. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 10కి మించకూడదు. విడిగా తీసే మ్యాగజైన్ల విషయంలో న్యూయార్క్ చట్టం రిమ్‌ఫైర్‌ను వేరుగా చూడదు. ఇల్లినాయిలో తూటాలు దగ్గర పెట్టుకోవడానికి కూడా ఫాయిడ్ కార్డు (రాష్ట్రం ఇచ్చే తుపాకీదారు గుర్తింపు కార్డు) కావాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ తనిఖీ ఉంది. మూటలు సర్దకముందే ఆ రాష్ట్ర నిబంధనలు చదవండి.

ఇంట్లో హెచ్-1బీ తమ్ముడు గానీ బీ-2 మీద తల్లిదండ్రులు గానీ ఉంటే రైఫిల్, తూటాలు సేఫ్‌లో పెట్టండి. తాళం, కోడ్ వారికి తెలియకూడదు. వారికి అందుబాటులో ఉన్నా వారి దగ్గర ఉన్నట్టే కేసు పెట్టే వీలుంది. పిల్లల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రేంజి నుంచి వచ్చాక చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పసిబిడ్డను ఎత్తుకోండి. .22 తూటాల్లో సీసం గుండులోనూ ఉంటుంది, పేలే మందులోనూ ఉంటుంది.

లైసెన్సు వచ్చే వరకు తమ్ముడు ఎయిర్ రైఫిల్‌తో సాధన చేయవచ్చు. ఫెడరల్ తుపాకీ చట్టం ఎయిర్ రైఫిల్‌ను తుపాకీగా లెక్కించదు. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు మాత్రం లెక్కిస్తాయి. ఎయిర్ రైఫిల్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

ఇంకొక్క మాట, ఇండియా వెళ్ళేటప్పటిది. .22 తూటా పొడవు అంగుళం. సంచి కుట్టు సందులో, జాకెట్ జేబు మూలలో దాక్కుంటే చేతికి కూడా తగలదు. ఎక్స్-రేలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, "పొరపాటున ఉండిపోయింది" అని చెప్పుకోవలసింది పోలీసు స్టేషన్‌లో. రేంజికి తీసుకెళ్ళే సంచిని, వేసుకెళ్ళే జాకెట్‌ను ప్రయాణాలకు ఎప్పుడూ వాడకండి. పెట్టెలు సర్దేటప్పుడు అది ఖాళీగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్ళు అందులో చీరలు పెట్టేయకుండా, దాన్ని కూడా సేఫ్ పక్కనే విడిగా ఉంచి ఆ సంగతి వారికి చెప్పండి.