టైల్స్ పగలగొట్టించే ముందు: బాత్‌రూమ్ రిపేర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడ మీద బాత్‌రూమ్ మొత్తం కొత్తగా చేయించాం. రెండు నెలలు తిరక్కుండానే కింది గది సీలింగ్‌లో చెమ్మ కనిపించింది, రోజురోజుకీ పెరుగుతోంది. మేస్త్రీ తప్పు ప్లంబరుదంటాడు, ప్లంబరేమో వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేయలేదంటాడు. టైల్స్ తీసేయాలని మాత్రం ఇద్దరూ అంటున్నారు. తీయించేయమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. లీకు ఎక్కడుందో తెలియకుండా పగలగొడితే డబ్బూ పోతుంది, లీకూ దొరకదు. కిందికి దిగుతున్నవి ఏ నీళ్లో ముందు తేల్చుకోండి. కుళాయిలకు వచ్చే పైపులోని నీళ్లా, డ్రైన్‌లోంచి పోయే నీళ్లా, నేల మీద పడి టైల్స్ సందుల్లోంచి ఇంకే నీళ్లా? మూడింటికీ రిపేరు వేరు.

కుళాయి లైను సంగతి తేల్చడం తేలిక. దాంట్లో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి మీరు స్నానం చేసినా చేయకపోయినా కారుతూనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకుల దగ్గర గోడకుండే చిన్న వాల్వులు (యాంగిల్ కాక్‌లు) కూడా మూసేసి (ట్యాంకు కారుతున్నా మీటరు తిరుగుతుంది, రెండూ కలిస్తే అయోమయం), మీటరు రీడింగ్ రాసిపెట్టుకుని, పొద్దున ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడండి. అంకె కదిలితే లీకు పైపులోనే. మీటరు లేకపోతే, లేదా అది మేడ మీది ట్యాంకుకు ముందే ఉంటే, ఆ బాత్‌రూమ్‌కు వెళ్లే వాల్వు రెండు మూడు రోజులు మూసి ఉంచండి, ఆ రోజుల్లో బాత్‌రూమ్ మామూలుగా వాడుకుంటూ నీళ్లు మాత్రం బకెట్లతో తెచ్చుకోండి. అయినా చెమ్మ ఆరుతోందంటే తప్పు కుళాయి లైనుదే.

అంకె కదల్లేదా, అయితే డ్రైన్ చూద్దాం. నేల పూర్తిగా ఆరనిచ్చి, ఒక గొట్టం నహాని ట్రాప్ (నేల జాలీ కింద నీళ్లు పోయే గిన్నె) లోపలికి పెట్టి, నేల తడవకుండా రెండు మూడు బకెట్లు నేరుగా అందులోకే వదలండి. కింద తడి పెరిగితే డ్రైన్ జాయింటు కారుతున్నట్టే. పెరగకపోతే ఒకట్రెండు రోజులు ఆగి, ట్రాప్‌ను గుడ్డతో బిగించి మూసి, నేల మీద ఒక అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. ఇప్పుడు దిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింది. అప్పటికీ దిగకపోతే గోడల మీద మాత్రమే షవర్ కొట్టి చూడండి. మధ్యలో ఆ ఒకట్రెండు రోజుల విరామం తప్పనిసరి, ఎందుకంటే స్లాబు నీళ్లు పీల్చుకుని ఆలస్యంగా వదులుతుంది, నిన్నటి పరీక్ష నీళ్లు ఇవాళ కనిపించి తప్పుదారి పట్టిస్తాయి. కింద మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ వేస్తూ ఉండండి, పెరిగిందో లేదో కళ్లతో అంచనా వేయడం కన్నా అది చాలా నయం. ఆ మరక దగ్గర లైటు గానీ ఫ్యాను గానీ ఉంటే దాని కరెంటు ముందే ఆపేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

కొత్తగా చేయించిన బాత్‌రూమ్‌లలో తరచూ దొరికిపోయే చోట్లు రెండు. ఒకటి, కొత్త పైపును స్లాబులోని పాత పైపుకు కలిపిన జాయింటు. రెండోది, నహాని ట్రాప్ మెడ చుట్టూ, వాటర్‌ప్రూఫింగ్ పూత వచ్చి ఆగే అంచు. అందుకే చాలాసార్లు ట్రాప్ చుట్టూ నాలుగు టైల్స్ తీస్తే సరిపోతుంది. టైల్స్ సందుల్లో మళ్లీ గ్రౌట్ నింపితే అంతా ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గ్రౌట్ నీళ్లను కొంత తగ్గిస్తుందే గానీ ఆపలేదు, ఆపాల్సింది టైల్స్ కింద ఉన్న పూత.

ప్రశ్న: పాత బాత్‌రూమ్‌లో ఎన్నడూ లేని డ్రైనేజీ వాసన కొత్తదాంట్లో వస్తోంది. ఫ్లష్ చేసినప్పుడల్లా నేల జాలీలోంచి గుడగుడమని శబ్దం. ఎన్ని లిక్విడ్లు పోసి కడిగినా లాభం లేదు.

జవాబు: కడిగితే పోయే వాసన కాదిది. ట్రాప్ అడుగున ఎప్పుడూ నిలిచి ఉండే కాసిని నీళ్లే డ్రైన్ గాలిని పైకి రాకుండా ఆపుతాయి, మామూలుగా 50 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. మీరు చెప్పిన ఆ గుడగుడే అసలు ఆనవాలు: ఫ్లష్ నీళ్లు కిందికి దూకేటప్పుడు వెనక గాలి అందక, మీ ట్రాప్‌లోని నీళ్లను లాగేస్తోంది. అంటే గాలి పైపు (డ్రైన్ లైనుకు గాలి అందించే పైపు) పనిలో మూసుకుపోయి ఉండాలి, లేదా కమోడ్ జరిపినప్పుడు దాన్ని వదిలేసి ఉండాలి, లేదా కింద లైనే సగం పూడిపోయి ఉండాలి. టార్చి వేసి చూడండి. ఫ్లష్‌కు ముందు ట్రాప్‌లో నీళ్లుండి తర్వాత తగ్గితే ప్లంబరుతో గాలి పైపు గురించే మాట్లాడండి, వాసన మందుల గురించి కాదు.

వాష్ బేసిన్ కింద కూడా వంగి చూడండి. మడతల గొట్టాన్ని గోడ పైపులోకి ఊరికే దూర్చి వదిలేస్తారు, చుట్టూ వేలు పట్టేంత సందు. అక్కడ రబ్బరు సీలు పెట్టిస్తే చాలు.

ప్రశ్న: కొత్త మిక్సర్లు (వేడి నీళ్లు, చన్నీళ్లు కలిపే కుళాయిలు) బిగించాక షవర్‌లో వేడి నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. గీజర్ మార్చమంటున్నారు.

జవాబు: గీజర్‌ను అప్పుడే అనుమానించకండి. దాని స్విచ్ ఆపి, గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే వాల్వు మూసి, వేడి కుళాయి తిప్పండి. పైపులో మిగిలినవి కారి కాసేపట్లో ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో ఒక మిక్సర్ లోపల చన్నీళ్లు వేడి లైన్లోకి దాటుతున్నాయన్నమాట. ఒక్కో మిక్సర్‌కు వెళ్లే వాల్వులు మూసుకుంటూ పోండి, ఏది మూస్తే ధార ఆగిందో దాని కార్ట్రిడ్జ్ (లోపల నీళ్లను కలిపే, ఆపే భాగం) చూపించండి. పైపులు కోసినప్పటి ఇసుక, ప్లాస్టిక్ పొట్టు ఇరుక్కుని కొత్త కార్ట్రిడ్జ్ కూడా పాడవుతుంది. కుళాయి మూతి దగ్గరి జల్లెడ కూడా విప్పండి, ధార సన్నబడినవాళ్లకు చాలావరకు అక్కడే సిమెంటు రేణువులో టెఫ్లాన్ టేపు ముక్కలో దొరుకుతాయి.

ప్రశ్న: వచ్చే నెల మా బాత్‌రూమ్ పని మొదలవుతుంది. ఇలాంటి టెన్షన్లు లేకుండా ఏం చూసుకోవాలి?

జవాబు: మొదలుపెట్టకముందే అడిగారు, సంతోషం. పైపులు గోడలో బిగించాక, వాటిని సిమెంటుతో మూసేయకముందే, అతుకుల జిగురు పూర్తిగా ఆరనిచ్చి ప్రెషర్ టెస్ట్ చేయమనండి, మామూలు ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి గేజ్ ముల్లు దిగకుండా నిలబడాలి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నిలబెట్టే పరీక్ష మీరు దగ్గరుండి చూడండి. "చేసేశాం సార్" అంటే సరిపోదు. పైపులు కనిపిస్తున్నప్పుడే కొలత టేపు పక్కన పట్టుకుని ప్రతి గోడకూ ఫొటో తీసుకోండి, రేపు మేకు కొట్టాలన్నా పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

నేలకు ట్రాప్ వైపు వాటం మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. పని జరిగినన్నాళ్లూ డ్రైన్ మూతులన్నీ మూసి ఉంచండి, సిమెంటు పాలు అందులోకి కడిగేస్తే లోపల రాయైపోతుంది, ఇక మామూలు డ్రైన్ లిక్విడ్లకు కరగదు. చివర్లో టైల్స్ మీది సిమెంటు మరకలకు యాసిడ్ వాడతారే, వీలైతే వద్దనండి. దాని ఆవిరి కమోడ్, బేసిన్‌లకు వెళ్లే స్టీలు అల్లిక పైపులను తినేస్తుంది, కొన్ని నెలలకు ఎవరూ ఇంట్లో లేనప్పుడు పగిలితే గదులన్నీ నీళ్లే. ఇప్పటికే వాడి ఉంటే ఆ పైపులు మార్పించండి.