మీ ప్రశ్నలు, మా జవాబులు: 38 ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆల్బమ్ చేసిన గాయని షిర్లీ కాలిన్స్

ప్రశ్న: మా అమ్మకు 68 ఏండ్లు. నాట్లేసేటప్పుడు అమ్మ ఎత్తుకుంటేనే మిగతా ఆడోళ్ళు అందుకునేటోళ్ళు, బతుకమ్మకు కూడా మా వాడల అమ్మే ముందు. నాయిన పోయినంక పాట బందయింది. ఇప్పుడు మనవరాలు ఫోన్ పట్టుకొని పాడమంటే "గొంతు పోయింది బిడ్డా, ఎవరన్న వింటే నవ్వుతరు" అంటది. ఇన్నేండ్ల తర్వాత గొంతు మళ్ళ వస్తదా? బలవంతం చెయ్యొచ్చునా? (ఒక పాఠకురాలు, నల్గొండ)

జవాబు: పాట వస్తుందమ్మా. నాట్ల నాటి గొంతు మాత్రం రాదు, 68 ఏళ్ళ గొంతే వస్తుంది, మీరు ముందు దానికి సిద్ధపడాలి, తర్వాత అమ్మని సిద్ధం చెయ్యాలి. మీ ఉత్తరం చదవగానే నాకు గుర్తొచ్చింది ఇంగ్లండ్‌లో సస్సెక్స్ ప్రాంతం ఆవిడ, షిర్లీ కాలిన్స్. 1935లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో బాంబులు పడుతుంటే షెల్టర్లో కూర్చోబెట్టి తాతయ్య అక్కాచెల్లెళ్ళిద్దరికీ పాటలు పాడేవాడట, అలా ఇంట్లో విని నేర్చుకున్న పాటలే ఆవిడకి ఆస్తి. అక్క డాలీ వాయిద్యం, షిర్లీ పాట, 1960ల్లో 70ల్లో ఇంగ్లిష్ జానపదం అంటే ముందు వినిపించే గొంతుల్లో ఆవిడదొకటి. అలాంటి మనిషి 1978 ఆల్బమ్ తర్వాత మళ్ళీ ఆల్బమ్ చేసింది 2016లో, అప్పటికి ఆవిడకి 81.

ఆ ఆల్బమ్ ఎలా రికార్డ్ చేశారో మీకు పనికొస్తుంది, అందుకే కాస్త వివరంగా చెప్తా. స్టూడియోకి వెళ్ళి కొత్తవాళ్ళ ముందు పాడాలంటే ఆవిడకి భయం, సరిగ్గా మీ అమ్మగారికున్న భయమే. దాంతో మైకులూ మెషీన్లూ పట్టుకుని రికార్డ్ చేసేవాళ్ళే లూయిస్ అనే ఊళ్ళో ఆవిడ ఇంటికి వెళ్ళారు. చుట్టూ తెలిసిన మనుషులు, ఆవిడ కుర్చీ, ఆవిడ గది. బయట పిట్టల చప్పుడు కూడా రికార్డులో పడింది, దాన్ని తీసెయ్యలేదు. వయసులో ఉన్నప్పుడు సన్నగా, తేటగా ఉండే గొంతు ఇప్పుడు బాగా కిందకి దిగిపోయింది, కొంచెం గరుకు కూడా, పాటల శ్రుతి దానికి తగ్గట్టు దించుకున్నారు. చావు గురించి, హత్యల గురించి ఉండే పాత కథాగేయాలు ఆ గొంతులో వింటుంటే, ఇవి పాడటానికి అసలు ఇదే సరైన వయసేమో అనిపిస్తుంది నాకైతే.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఏంటంటే, ఫోన్ మొహం ముందు పెట్టకండి. అమ్మతో పాటు నాట్లేసిన ఆవిడలు ఒకరిద్దరు ఉంటారు కదా, వాళ్ళని ఇంటికి పిలవండి. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే మాటల్లో ఎవరో ఒకరు చరణం ఎత్తుకుంటారు, తప్పు పాడితే మీ అమ్మగారే సరిచేస్తారు చూడండి. ఆ తర్వాత అడిగి రికార్డ్ చేసుకోండి, దొంగతనంగా మాత్రం వద్దు. "ఇంకొంచెం పైకి పాడు" అని అస్సలు అనకండి.

ప్రశ్న: షిర్లీ కాలిన్స్ భర్త వదిలేసిపోతే గొంతు పోయిందని ఎక్కడో చదివాను. నిజంగా అలా జరుగుతుందా, లేక రాసేవాళ్ళ కల్పనా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: ఆవిడే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న విషయం అండి. భర్త కూడా సంగీతకారుడే, 1970ల చివర్లో ఇద్దరూ లండన్‌లో నేషనల్ థియేటర్ వాళ్ళ నాటకానికి పాడుతూ వాయిస్తూ ఉన్న రోజుల్లో ఆయన ఇంకొకావిడ కోసం వెళ్ళిపోయారు. నాటకం మాత్రం ఆగదు కదా, షిర్లీ రోజూ వెళ్ళి నిలబడాల్సిందే. ఒక్కోరోజు పాట వచ్చేది, ఒక్కోరోజు నోరు తెరిస్తే శబ్దమే వచ్చేది కాదట. డాక్టర్లు దానికి డిస్ఫోనియా అని పేరు పెట్టారు. స్వరపేటికని నడిపించే కండరాలు బిగుసుకుపోయినా, మనసు మీద బాగా ఒత్తిడి ఉన్నా గొంతు ఇలా మొండికేస్తుంది, కల్పన ఏమీ కాదు. కానీ అన్నిటికీ బాధే కారణం అనుకుని ఊరుకోవద్దు. గొంతు బొంగురు మూడు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి, లోపల గడ్డలాంటిది ఏమైనా ఉంటే ముందే తెలుస్తుంది. నల్గొండ నుంచి రాసిన అమ్మాయి కూడా ఈ మాట చదవాలి.

పాట పోయాక ఆవిడ ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ దొరికిన ఉద్యోగాలు చేసుకున్నారు, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళకి సాయం చేసే జాబ్ సెంటర్లో కూడా పనిచేశారు. ఆ ఏళ్ళన్నీ ఎవరు తిరిగిస్తారు చెప్పండి. "అద్భుతమైన పునరాగమనం" అని రాసేటప్పుడు మనవాళ్ళు ఆ మధ్యలో పోయిన కాలాన్ని ఒక్క లైన్లో దాటేస్తారు, నాకది నచ్చదు.

ప్రశ్న: ఇలాంటివాళ్ళని మళ్ళీ వెతికి పట్టుకునేది ఎవరు సార్? కంపెనీలా, ఫ్యాన్సా? (ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: ఎక్కువగా ఫ్యాన్సే. షిర్లీ విషయంలో డేవిడ్ టిబెట్ అనే సంగీతకారుడు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ కాదంటూనే ఉన్నారు. చివరికి 2014లో లండన్‌లోని యూనియన్ చాపెల్‌లో అతని కచేరీకి వచ్చి రెండే రెండు పాటలు పాడారు. రెండు పాటలు చాలు, గేటు తెరుచుకుంది. ఒక సంగతి గమనించండి, 2007లోనే ఆవిడకి ఎంబీఈ అనే బ్రిటన్ ప్రభుత్వ గౌరవం ఇచ్చారు, అంటే దేశం ఆవిడ పేరు మర్చిపోలేదు. పేరు గుర్తుంది కానీ "ఒక్కసారి పాడండి" అని వదలకుండా అడిగే మనిషే కావాల్సి వచ్చింది.

ఇంగ్లండ్ గాయని వాష్టి బన్యన్ కథ ఇంకో రకం. గుర్రబ్బండి మీద స్కాట్లండ్ దీవుల వైపు ప్రయాణం చేస్తూ కట్టుకున్న పాటలతో 1970లో ఆల్బమ్ వస్తే ఎవరూ కొనలేదు, ఆవిడ సంగీతం మానేసి పల్లెల్లో పిల్లల్నీ పశువుల్నీ చూసుకున్నారు. 2000లో అదే ఆల్బమ్ మళ్ళీ విడుదలై కుర్రాళ్ళు ఎగబడి విన్నారు, 2005లో రెండో ఆల్బమ్ చేశారు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 35 ఏళ్ళు!

ప్రశ్న: మన దగ్గర ఇలాంటి కళాకారులకి గుర్తింపు వస్తే బతుకు మారుతుందా? (ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: మీ పక్క జిల్లా దర్శనం మొగులయ్య గారినే చూడండి. 12 మెట్ల కిన్నెర వాయిస్తూ ఊరూరా తిరిగి పాడిన మనిషి, 2021లో సినిమా పాటతో రాష్ట్రమంతా తెలిసింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చూస్తే కూలి పనికి వెళ్తున్నారని వార్తలు. శాలువా కప్పడం వేరు, నెలనెలా ఇల్లు గడవడం వేరు. మీ ఊళ్ళో ఫంక్షన్‌కి కళాకారుల్ని పిలిస్తే డబ్బు ముందే మాట్లాడండి, దారి ఖర్చులు విడిగా ఇవ్వండి, వీడియో పెడితే పేరు రాయండి.

ప్రశ్న: షిర్లీ కాలిన్స్‌ని ఎక్కడ మొదలుపెట్టి వినాలి? ఇంగ్లిష్ అంతగా రాదు. (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: భాష గురించి బెంగ వద్దండి. 1969లో అక్కతో కలిసి చేసిన 'యాంథమ్స్ ఇన్ ఈడెన్' ముందు వినండి, వెంటనే 2016 నాటి 'లోడ్‌స్టార్' పెట్టుకోండి. ఒకే మనిషి రెండు వయసులూ పక్కపక్కన వినిపిస్తాయి. నచ్చితే 2020లో ఒకటి, 2023లో ఇంకొకటి చేశారు, ఆ రెండోది వచ్చేనాటికి ఆవిడకి 87. నేనైతే 'లోడ్‌స్టార్' ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినమంటాను, పిట్టలు స్పీకర్లో సరిగ్గా వినపడవు.