హెర్పిస్ తగ్గాక కూడా టెస్టు పాజిటివ్... పెళ్లి చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గతేడాది మర్మాంగం మీద నీటి పొక్కులు వస్తే హెర్పిస్ అని చెప్పి ఎసైక్లోవిర్ ఇచ్చారు. తగ్గిపోయింది. కానీ శ్రీకాకుళం వెళ్లి ఎన్నిసార్లు రక్తపరీక్ష చేయించినా ఐజీజీ పాజిటివే వస్తోంది. ఇప్పుడు పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయికి అంటుకుంటుందా?

జవాబు: ముందు ఆ రక్తపరీక్షలు ఆపేయండి. ఐజీజీ చూసేది వైరస్‌ మీద మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలను, అవి ఒకసారి వచ్చాక ఏళ్ల తరబడి ఉండిపోతాయి, అందుకే పొక్కులు పూర్తిగా మానినా రిపోర్టు మారదు. ఇన్నిసార్లు డబ్బు కట్టించుకుని ఈ ఒక్క మాట మీకెవరూ చెప్పకపోవడం బాధగా ఉంది. రిపోర్టులో టైప్-1 అని ఉందా, టైప్-2 అని ఉందా చూడండి. టైప్-1 చిన్నప్పుడే నోటి దగ్గర చాలామందికి సోకి ఉంటుంది, కాబట్టి అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన మర్మాంగం మీద ఉన్నట్టు కాదు. టైప్-2 అని ఉండి పక్కన అంకె 3 లోపే ఉంటే అది తప్పుడు పాజిటివ్ కూడా కావచ్చు. మళ్లీ పొక్కులు వస్తే మాత్రం అవి ఎండిపోకముందే, ఒకటి రెండు రోజుల్లోనే, వాటి నీటితో స్వాబ్ పీసీఆర్ (పొక్కు నీటిని పుల్లతో తీసి అందులో వైరస్ ఉందేమో చూసే పరీక్ష) చేయించండి, అన్నిటికంటే నమ్మదగింది అదే. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లి అడగండి. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి.

ఇక అంటుకోవడం సంగతి. మందు పొక్కుల్ని మాన్పుతుంది గానీ వైరస్‌ను తుడిచిపెట్టదు, అది వెన్ను దగ్గర నరాల్లో దాక్కుని ఉండి అప్పుడప్పుడు పొక్కు లేకుండానే చర్మం మీదికి వస్తుంది. పొక్కులున్నప్పుడు, వాటికి ముందు ఆ చోట మంట, చిమచిమ మొదలైనప్పుడు ప్రమాదం ఎక్కువ, ఆ రోజుల్లో కలయిక అసలు వద్దు. మిగతా రోజుల్లో కండోమ్ వాడండి, పూర్తి రక్షణ కాకపోయినా ముప్పు బాగా తగ్గుతుంది. దానికి తోడు డాక్టర్ సలహాతో రోజూ మాత్ర వేసుకోవచ్చు. ఎసైక్లోవిర్ లాంటిదే అయిన వాలాసైక్లోవిర్ రోజుకు 500 మి.గ్రా. వాడినవారి నుంచి భాగస్వామికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో వచ్చిన అధ్యయనంలో తేలింది. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. కంచం, తువ్వాలు, బాత్రూమ్ గురించి టెన్షన్ పడొద్దు, వాటితో రాదు.

పెళ్లి మానుకోవక్కర్లేదు, కానీ ఆ అమ్మాయికి పెళ్లికి ముందే చెప్పండి. మధ్యవర్తులతో కాదు, మీరే. భయపడితే ఆమెను కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రేపు ఆమె గర్భవతి అయితే మీ విషయం ప్రసూతి డాక్టర్‌కు తెలిసి తీరాలి, ఎందుకంటే నెలలు నిండేటప్పుడు తల్లికి కొత్తగా సోకితే పుట్టే బిడ్డ ప్రాణానికే ముప్పు.