నీటిలో లేజర్ కొలత ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: కళాశాల ప్రాజెక్టుగా నీటిలో తిరిగే రోబో తయారుచేస్తున్నాం. గదులు కొలిచే లేజర్ మీటరును నీరు చొరబడని పెట్టెలో అమర్చి తొట్టిలో దించితే 3 మీటర్ల దూరాన్ని దాదాపు 4 మీటర్లుగా చూపింది. చెరువులో అయితే అంకెలే నిలవడం లేదు. ఎలా సరిచేయాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తొట్టిలో ఎదురైన పొరపాటు, చెరువులో ఎదురైన పొరపాటు ఒకటి కావు. కాంతి వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెప్పే ఈ మీటరు, కాంతి గాలిలో మాదిరిగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుందని లెక్క వేస్తుంది. నీటి వక్రీభవన గుణకం (కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) దాదాపు 1.33 కనుక అక్కడ ఆ వేగం 2.25 లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. చూపిన అంకెను 1.33తో భాగిస్తే తొట్టిలోని తప్పు సరిపోతుంది.

చెరువు సంగతి అలా కాదు. చీకటి గదిలో గాజు తొట్టె నిండా తేటనీరు పోసి, కళ్ళలో పడకుండా జాగ్రత్తపడి, ఆకుపచ్చ లేజరును పక్క గోడగుండా పంపండి. గీత లీలగా మాత్రమే కనిపిస్తుంది. నాలుగు చుక్కల పాలు కలపగానే అది ట్యూబులైటులా వెలుగుతుంది. అంటే కాంతి గమ్యం చేరకముందే దారిలో చెదిరిపోతున్నదన్నమాట. చెరువు నీటిలోని బురద కణాలూ ఇదే పని చేస్తాయి. మీటరులో కాంతిని పంపే భాగం, అందుకునే భాగం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, గోడ నుంచి నీరసించి వచ్చే కాంతికన్నా ముందుగా ఈ బురద వెలుగే వచ్చి దాన్ని కమ్మేస్తుంది.

అందుకని నేను సూచించేది లేజరును, కెమెరాను 20 సెంటీమీటర్ల ఎడంగా, సమాంతరంగా బిగించడం. అప్పుడు బురద వెలుగు చిత్రంలో ఒక చారలా పడుతుంది, గోడమీది చుక్క ఆ చార చివర విడిగా దొరుకుతుంది. నీటిలో కెమెరా ఫోకల్ దూరం (కటకానికీ చిత్రం పడే తలానికీ మధ్య దూరం) 1000 పిక్సెళ్ళకు సమానమైతే, చుక్క చిత్రం మధ్య నుంచి 1 మీటరు దూరంలో 200 పిక్సెళ్ళు, 2 మీటర్లలో 100 పిక్సెళ్ళు జరుగుతుంది. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలవుతుందని మరవకండి: ఒక్క పిక్సెల్ తేడా 1 మీటరు దగ్గర అర సెంటీమీటరు, 2 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు, 4 మీటర్ల దగ్గర 8 సెంటీమీటర్లు. అంతకు మించిన దూరాలకు, సెకనుకు 1500 మీటర్ల వేగంతో సాగే ధ్వనిని వాడే సోనారే మేలు.

లేజరు 532 నానోమీటర్ల ఆకుపచ్చదై ఉండాలి. ఎరుపును నీరు త్వరగా పీల్చుకుంటుంది. కొన్ని కార్ల లైడార్లలో (లేజరుతో దూరం కొలిచే పరికరాల్లో) వాడే 1550 నానోమీటర్ల పరారుణ కాంతి కొన్ని మిల్లీమీటర్లలోనే ఇంకిపోతుంది.

ఇక కాలిబ్రేషన్, అంటే తెలిసిన దూరాలతో పరికరాన్ని సరిచూసుకోవడం. గాలిలో బల్లమీద చేసిన కాలిబ్రేషన్ నీటిలో పనికిరాదు, ఎందుకంటే పెట్టె బల్లపరుపు కిటికీ దగ్గర కిరణాలు వంగి వస్తువులు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. రోబోను నీటిలో ఉంచే, అర మీటరు నుంచి 2 మీటర్ల వరకు ప్రతి 25 సెంటీమీటర్లకూ ఒక పలకను నిలబెట్టి, చుక్క ఎన్ని పిక్సెళ్ళు జరిగిందో పట్టికగా రాసుకోండి. కిటికీని విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ ఆ పట్టికను కొత్తగా తయారుచేసుకోవాలి.