పల్స్‌కి ముందూ తర్వాతా

చి|| సింధుకి,

దీవెనలు. వచ్చే వారం మొదటిసారి ఎలక్ట్రోపొరేషన్ (క్షణకాలపు కరెంటు దెబ్బతో, అంటే పల్స్‌తో, కణాల్లోకి డీఎన్ఏ పంపడం) చేయాలని, టెన్షన్‌గా ఉందని రాశావు. మెషీన్‌ని చూసి కంగారు పడకు, దాని దగ్గర నీ పని బటన్ నొక్కడమే. అంతకుముందు కణాల్ని ఎంత శుభ్రంగా కడిగావు, ఆ తర్వాత ఎంత త్వరగా ఆదుకున్నావు అన్నదే ముఖ్యం.

కణత్వచం సుమారు 5 నానోమీటర్ల మందం ఉండే కొవ్వు పొర. దానికి అటూ ఇటూ ఒక వోల్టు దాకా తేడా వస్తే చాలు, కొవ్వు అణువులు పక్కకు జరిగి సన్నటి నీటి రంధ్రాలు పడతాయి. ఒక వోల్టేనా అనుకోకు. అంత పల్చటి పొర మీద అది సెంటీమీటరుకు 20 లక్షల వోల్టులతో సమానం! 1982లో న్యూమన్ బృందం ఎలుక కణాల్లోకి జన్యువును పంపింది ఈ దారినే. కణం చిన్నదయ్యే కొద్దీ బయటి నుంచి ఎక్కువ బలం కావాలి. అందుకే ఈ.కోలై బ్యాక్టీరియాకి 1 మి.మీ. క్యూవెట్‌లో (రెండు లోహపు పలకల మధ్య అంత సందు ఉండే చిన్న గిన్నెలో) 1,800 వోల్టులు పెడతాం.

అసలు శత్రువు ఉప్పు. అది మిగిలితే కరెంటంతా కణాల చుట్టూ ఉన్న ద్రవంలోంచే దూసుకుపోతుంది. టప్‌మని మెరుస్తుంది, ఆ శాంపిల్ ఇక పనికిరాదు. అందుకే మీడియం (కణాలు పెరిగిన పోషక ద్రవం) ఆనవాలు లేకుండా ఐసు చల్లదనం ఉన్న నీళ్లతో రెండుసార్లు, 10 శాతం గ్లిసరాల్‌తో ఒకసారి కడుగు. ఉప్పు పోయే కొద్దీ అడుగున చేరిన కణాల ముద్ద వదులవుతుంది. పైనీళ్లు వంచావంటే దాంతోపాటే జారిపోతుంది, పైపెట్‌తో మెల్లగా లాగు. లైగేషన్ మిక్స్‌లోనూ (డీఎన్ఏ ముక్కల్ని అతికించిన ద్రవంలోనూ) ఉప్పుంటుంది, ఒక మైక్రోలీటరుకి మించి వేయకు. ఐసులోంచి తీసిన క్యూవెట్‌కి బయట చెమ్మ పడుతుంది. ఆ లోహపు పలకలు రెండూ పొడిగా తుడువు. లోపల బుడగ కనిపిస్తే బల్ల మీద తట్టు.

పల్స్ అవగానే మెషీన్ మీద టైమ్ కాన్‌స్టంట్ (వోల్టేజీ సుమారు మూడో వంతుకి పడిపోవడానికి పట్టిన సమయం) చూడు. 5 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటే మంచిదే. 3కి పడిపోతే కడగడం సరిపోలేదన్నమాట.

బటన్ నొక్కకముందే పైపెట్‌లో ఎస్ఓసీ (కణాలు తేరుకోవడానికి పోసే పోషక ద్రవం) సిద్ధంగా పెట్టుకో. రంధ్రాలు పడిన కణాలు చాలా నీరసంగా ఉంటాయి, ఒక్క నిమిషం ఆలస్యమైనా కాలనీలు బాగా తగ్గుతాయి. వెంటనే ఒక మిల్లీలీటరు పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పు. ఆ గంటలోనే అవి తేరుకుని, లోపలికి వెళ్లిన డీఎన్ఏ సాయంతో యాంటీబయాటిక్‌ని తట్టుకునే ప్రోటీన్ తయారుచేసుకుంటాయి. తొందరపడి ముందే ప్లేటు మీద పరచకు.

పోల్చి చూడటానికి, డీఎన్ఏ వేయకుండా పల్స్ ఇచ్చిన శాంపిల్ ఒకటి తప్పకుండా పెట్టు. దాన్ని యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీదా, లేని ప్లేటు మీదా పరిచి, రెండింటి ఫోటోలూ నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ